జేబులో పట్టే మల్టీటూల్ ఏది తీసుకోవాలి? బైకు, బస్సు, అప్పుడప్పుడు విమానం

ప్రశ్న, అనంతపురం నుంచి:

అందరికీ నమస్కారం. నాది డ్రిప్ కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెలకు బైకు మీద తిరుగుతుంటాను. అప్పుడప్పుడు మీటింగ్ అని పూణే పిలుస్తారు. అప్పుడు బెంగళూరు పోయి విమానం ఎక్కాలి. చేతి బ్యాగు ఒక్కటే, చెకిన్ లగేజీ వేయను. కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివన్నీ ఒక్కదాంట్లోనే మడిచి ఉండే, జేబులో పట్టే మల్టీటూల్ ఒకటి కొందామని చూస్తుంటే పదకొండు పనులు, పద్దెనిమిది పనులు, ముప్పై పనులు అని బుర్ర తిరిగిపోతోంది. వందల్లో దొరికేవీ ఉన్నాయి, పది వేలు దాటేవీ ఉన్నాయి. నాకు కావాల్సింది లేటరల్ పైపు (మొక్కల వరుస వెంట పరిచే సన్నటి డ్రిప్ పైపు) కోయడం, స్టార్ స్క్రూ బిగించడం, దారిలో బైకు ఆగితే ఏదో ఒకటి సర్దుకోవడం, బస్సులో పండు కోసుకోవడం. ఇంకో టెన్షన్ ఏంటంటే, పోలీసులు ఆపి కత్తి ఎందుకు పెట్టుకున్నావ్ అంటే?

కడప నుంచి, బైకు షెడ్డు నడిపే ఆయన:

తమ్ముడూ, ముందు ఆ పనుల లెక్క పక్కన పెట్టు. ముప్పై అని రాసినదాంట్లో సీసా మూత తీసే గాడి ఒకటి, తాళాల రింగు ఒకటి, పక్కన గీసిన స్కేలు గీతలు ఒకటి, అన్నీ లెక్కలోకి వస్తాయి. నువ్వు తేల్చుకోవాల్సింది ఒక్కటే. నీకు ఎక్కువసార్లు అవసరం పడేది కటింగ్ ప్లయరా, కత్తెరా? దాన్నిబట్టే ఇవి రెండు జాతులు. మధ్యలో ప్లయర్ ఉండి, రెండు పిడుల్లో మిగతా పనిముట్లు మడిచి ఉండేది లెదర్‌మన్ జాతి. పక్కల్లోంచి ఒక్కో ఆకూ గోటితో లాగేది స్విస్ నైఫ్ జాతి.

బైకు సంగతి మాత్రం నన్నడుగు. దారిలో బండి ఆగితే జేబులోని మల్టీటూల్ చేసే సాయం తక్కువ. బ్యాటరీ టెర్మినల్ స్క్రూ లూజైతే బిగిస్తావు, కాలిన ఫ్యూజు లాగి కొత్తది పెడతావు, అంతే. ప్లగ్ తీయాలంటే ప్లగ్ స్పానరే కావాలి. నట్టును ప్లయర్‌తో పట్టి తిప్పితే మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. ఆ తర్వాత నా దగ్గరికి తెస్తే దాన్ని ఊడదీయడమే పెద్ద పని. బండితో పాటు కంపెనీ ఇచ్చిన టూల్ కిట్ సీటు కింద ఉందో లేదో ఇవాళే చూసుకో. సగం మంది బండ్లలో ఉండదు.

ఇంకోటి, క్లచ్ కేబుల్ లోపలి తీగను చిన్న మల్టీటూల్ కట్టర్‌తో కత్తిరించొద్దు. అది గట్టి ఉక్కు తీగ, కట్టర్ అంచు మీద నొక్కు పడుతుంది. లెదర్‌మన్ వేవ్ ప్లస్‌లో ఆ కట్టర్లు విప్పి మార్చుకునే ఏర్పాటు ఉంది. కానీ దాని బరువు 241 గ్రాములు, మడిస్తే 10 సెంటీమీటర్లు. ప్యాంటు జేబులో వేసుకుని బండెక్కితే పది కిలోమీటర్లకే తీసి బ్యాగులో పడేస్తావు. బెల్టు పౌచ్ పెట్టుకునేవాళ్లకు సరే.

ప్రశ్న అడిగినవారు:

కత్తెర గురించి అసలు ఆలోచించలేదన్నా. టైరులో కంప ముల్లు దిగితే లాగడానికైనా ప్లయర్ ఉండాలి కదా?

కడప షెడ్డు:

ట్యూబ్‌లెస్ అయితే లాగొద్దు! ముల్లుగానీ మేకుగానీ ఉన్నంతసేపు అదే బిరడాలా గాలిని ఆపుతుంది. మెల్లగా పంక్చర్ షాపుదాకా పో. లాగేశావంటే అక్కడే కూర్చోవాలి. పంక్చర్ కిట్, పంపు నీ దగ్గరే ఉంటే అది వేరే మాట.

కర్నూలు నుంచి, ఆస్పత్రిలో నర్సు:

బ్రదర్, నేను కత్తెర పక్షం. నా తాళాల గుత్తికి స్విస్ నైఫ్ కంపెనీ విక్టోరినాక్స్ వాళ్ల చిన్న మోడల్ క్లాసిక్ ఎస్‌డీ ఉంటుంది. మడిస్తే 58 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాముల చిల్లర, ఉన్నట్టే తెలియదు. చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, పక్కన దూర్చిన ట్వీజర్స్, టూత్‌పిక్. మాత్రల షీటు, కొరియర్ టేపు, పిల్లల యూనిఫాంకు వేలాడే దారం, అన్నిటికీ కత్తెరే. ఆ ఆకురాయి కొస మైనస్ స్క్రూడ్రైవర్‌లా ఉంటుంది. కళ్లద్దాల కన్నా కొంచెం పెద్ద స్టార్ స్క్రూలనూ తిప్పుతుంది. ముల్లు తీయడానికి ట్వీజర్స్ బాగా పనికొస్తాయి, కానీ ముందు స్పిరిట్‌తో తుడవండి. జేబులో పడున్నదాన్ని నేరుగా చర్మంలోకి దించొద్దు.

అయితే మీ పైపు పనికి ఇది చాలదు.

జమ్మలమడుగు నుంచి, గండికోటలో టెంట్లు వేసే కుర్రాడు:

లాక్ గురించి ఎవరూ చెప్పలేదు. మామూలు స్విస్ నైఫ్ బ్లేడుకు లాక్ ఉండదు. లోపల స్ప్రింగు పట్టి ఉంచుతుందంతే. కిందికి నొక్కి కోసినంతసేపు ఏం కాదు. బ్లేడు కొసతో పొడిచి రంధ్రం చేద్దామని ముందుకు తోస్తే అది టక్కున మడుచుకుంటుంది, మడుచుకునే చోట మన వేళ్లే ఉంటాయి. వెనకవైపు దబ్బనంలాంటిది ఉంటుంది చూడండి, దానిదీ అదే వరస. బెల్టుకు బెజ్జం వేసేటప్పుడు తోయకుండా, నొక్కి పట్టుకుని మెల్లగా తిప్పాలి. అంచు ఒకవైపే ఉంటుంది కాబట్టి ఆ దిక్కుకే తిప్పితే తోలు తురుముకుంటూ పోతుంది. లాక్ ఉన్నవి కావాలంటే లెదర్‌మన్ వాటిలో చాలావాటికి ఉంది, విక్టోరినాక్స్‌లో 111 మిల్లీమీటర్ల పెద్ద సైజులో ఉంది.

నా దగ్గర ఉన్నది లెదర్‌మన్ స్కెలెటూల్. 142 గ్రాములు, ప్లయర్, బ్లేడు, బిట్లు మార్చుకునే స్క్రూడ్రైవర్, కొక్కెం. టెంటు పనికి సూపర్. కత్తెర మాత్రం లేదు, కొనేముందు అది చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

లేటరల్‌కు బెజ్జాలు ఆ దబ్బనంతో వేయొచ్చంటారా? అలాగే రైతుల మోటారు స్టార్టర్ బాక్సు తెరవాల్సి వస్తుంటుంది.

గుంతకల్లు నుంచి, రైల్వేలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైన పెద్దాయన:

బాబూ, రెండోది ముందు చెబుతాను. వద్దు. మల్టీటూల్ పిడి లోహం. స్విస్ నైఫ్‌కు పైన ఎర్ర ప్లాస్టిక్ ఉన్నా, పట్టుకున్నప్పుడు వేళ్లు తగిలేది దాని స్టీలు వెన్నుకే. స్టార్టర్‌లో ఉండేది త్రీఫేజ్ 415 వోల్టులు. సింగిల్ ఫేజ్ మోటారు ప్యానెల్‌లో కెపాసిటర్లు ఉంటాయి, కరెంటు తీసేశాక కూడా వాటిలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. కరెంటు పనికి 1000 వోల్టులని ముద్ర ఉన్న ఇన్సులేటెడ్ ప్లయర్, టెస్టర్ విడిగా పెట్టుకో. అవి ఉన్నా మెయిన్ దించకుండా మూత తీయొద్దు. మీ కంపెనీ వాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పంపితే ఇంకా మంచిది.

లేటరల్‌కు దబ్బనం పనికిరాదు. బెజ్జం అంచు చిరుగుతుంది, డ్రిప్పర్ దగ్గర నీళ్లు కారుతూనే ఉంటాయి. దానికి డ్రిప్ పంచ్ ఉంది, నీకు నేను చెప్పాలా! 16 మిల్లీమీటర్ల పైపు కోయడానికి మాత్రం మామూలు పెద్ద బ్లేడు బాగానే సరిపోతుంది, పదును ఉంటే.

ఇక విమానం. దీని మీద ఆన్‌లైన్‌లో చాలా గందరగోళం ఉంది. కొన్ని మల్టీటూల్స్ మీద విమానంలోకి తీసుకెళ్లొచ్చు అని రాసి ఉంటుంది. అది అమెరికా లెక్క. అక్కడ 7 అంగుళాల లోపు చేతి పనిముట్లు, ఇరుసు నుంచి 4 అంగుళాల లోపు కత్తెర క్యాబిన్‌లోకి రానిస్తారు, కత్తిని మాత్రం చిన్నదైనా రానివ్వరు. 2013లో చిన్న కత్తులను అనుమతిద్దామని వాళ్లు ప్రకటించి, విమాన సిబ్బంది గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. 2024లో విక్టోరినాక్స్ కూడా బ్లేడు లేని మోడళ్ల మీద పనిచేస్తున్నామని చెప్పింది. మన దగ్గర చెల్లేది మాత్రం మన విమానయాన భద్రతా విభాగం నియమం, స్కానర్ దగ్గర నిలబడిన ఆఫీసర్ మాట. ప్యాకెట్ మీది రాత చూపించి వాదించి లాభం లేదు. కర్నూలు ఓర్వకల్లులో ఎక్కినా, కడపలో ఎక్కినా, బెంగళూరు దేవనహళ్లిలో ఎక్కినా ఇంతే. చేతి బ్యాగు ఒక్కటే అయితే ఇంట్లో పెట్టి పో. చెకిన్ బ్యాగు ఉన్నప్పుడు దాంట్లో వేసుకో, ఇబ్బంది ఉండదు.

పోలీసుల సంగతి. ఆయుధాల నిబంధనల పట్టికలో చేరే కత్తి అంటే 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేడు. అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి మినహాయింపు. నీ జేబులోది దాని దరిదాపుల్లో ఉండదు. అయినా కోర్టుకు, కలెక్టరేట్‌కు, ఎన్నికల సభకు పోయేటప్పుడు తీసి పక్కన పెట్టు. తిరుమల పోతే అలిపిరి దగ్గర సామాన్లన్నీ స్కాన్ చేస్తారు. వెనక క్యూ అంతా చూస్తుండగా బ్యాగు విప్పి చూపించే పని మనకెందుకు?

కర్నూలు నర్సు:

పెద్దాయన చెప్పింది నిజం. మా ఆస్పత్రికి వచ్చే కరెంటు షాక్ కేసుల్లో మెయిన్ దించలేదన్న మాట తరచూ వింటాం.

గుంతకల్లు పెద్దాయన:

మోడల్ చెప్పనే లేదు. నీ పనికి విక్టోరినాక్స్ సూపర్ టింకర్ చూడు. 91 మిల్లీమీటర్లు. పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, కత్తెర, దబ్బనం, కొక్కెం ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, వెనకవైపు అసలైన స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటుంది. అది నడుములోంచి అడ్డంగా బయటికి వస్తుంది కాబట్టి పిడి మొత్తం చేతికి పట్టు దొరికి బిగింపు బాగా వస్తుంది. ఇదే కత్తి క్లైంబర్ పేరుతో కూడా ఉంది, దాంట్లో స్టార్ స్క్రూడ్రైవర్ బదులు సీసా బిరడా తీసే మెలిక ఉంటుంది. ఆ మెలికతో తాడు ముడి విప్పడం భలే సులువు, కానీ నీకు స్క్రూలే ఎక్కువ. పెద్ద బ్లేడు పైపుకు, చిన్నది పండుకు అని ముందే విడదీసుకో. మందులు, ఎరువులు తగిలిన బ్లేడుతో మామిడిపండు కోయొద్దు.

లెదర్‌మన్ బాగుండదని కాదు. 1975లో యూరప్‌లో పాత కారు వేసుకుని తిరుగుతూ, దాని రిపేర్లతో విసిగి, జేబు కత్తిలో ప్లయర్ కూడా ఉంటే అనుకున్నాడట టిమ్ లెదర్‌మన్. 1983లో కంపెనీ పెట్టాడు. 25 ఏళ్ల వారంటీ ఇస్తారు. ఆయన అవసరం ప్లయర్. నీకు ప్లయర్ కావాల్సిందల్లా బండి దగ్గర, మోటారు దగ్గర. రెండుచోట్లా బండి డిక్కీ పక్కనే ఉంటుంది, అసలైన ప్లయర్ దాంట్లో పెట్టుకుంటే సరి.

జమ్మలమడుగు కుర్రాడు:

వందల్లో దొరికేవాటి గురించి ఒక మాట. వాటిలో మొదట పోయేది ప్లయర్ ఇరుసే. నాలుగుసార్లు గట్టిగా నొక్కితే దవడలు పక్కకు జరిగి కొసలు కలవవు. చేతికి దొరికితే కొనేముందు ప్లయర్ మూసి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, కొసల మధ్య వెలుతురు కనిపించకూడదు. విక్టోరినాక్స్ పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి. అసలుదానికి పెద్ద బ్లేడు మొదట్లో పేరు చెక్కి ఉంటుంది. ప్రతి ఆకూ తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమని కూర్చోవాలి, అటూ ఇటూ ఊగకూడదు.

ప్రశ్న అడిగినవారు:

మా ఊళ్ల దుమ్ము సంగతి తెలుసు కదా. దీనికి కొబ్బరినూనె వేస్తే సరిపోతుందా?

కడప షెడ్డు:

కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురులా పట్టి దుమ్మును ఇంకా లాగుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి ఒక్కో ఆకూ తెరుస్తూ మూస్తూ ఉంటే మన్నంతా బయటికి వస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి ఇరుసుల దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. పండు కోసే బ్లేడు మాత్రం నూనె తుడిచేసి వాడు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలు పట్టదని కాదు. నిమ్మకాయ కోసి అలాగే మడిచి పెడితే మచ్చలు పడతాయి. పదునుకు నున్నటి సాన రాయి చాలు. కత్తులు సాన పట్టే చక్రాలవాళ్లకు ఇవ్వకు, నిప్పురవ్వలు లేస్తుంటే బ్లేడు వేడెక్కి ఉక్కు మెత్తబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ థాంక్స్. సూపర్ టింకర్ ఖాయం చేశా. ఇన్సులేటెడ్ ప్లయర్, టెస్టర్ ఇక్కడ క్లాక్ టవర్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో తీసుకుని డిక్కీలో పెడతా. పూణే పోయే రోజు కత్తి కూడా బండి డిక్కీలో వేసి, బండి బస్టాండ్ స్టాండులో పెట్టేసి వెళ్తా.

కడప షెడ్డు:

స్టాండులో పెట్టిన బండి డిక్కీ చిన్న తాళం ఎవడైనా స్క్రూడ్రైవర్‌తో తీసేస్తాడు తమ్ముడూ. కత్తి ఇంట్లో పెట్టి పో. ప్లయర్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.