స్నో ప్యాంటు ముందా, బూట్లు ముందా? మిస్సిసాగాలో మా మొదటి చలికాలం

కొత్తగా వచ్చిన అమ్మ, మిస్సిసాగా:

అందరికీ నమస్కారమండీ. సెప్టెంబరు చివర్లో విజయవాడ నుంచి కెనడా వచ్చాం. పెద్దమ్మాయి గ్రేడ్ 3, చిన్నాడు జేకే (జూనియర్ కిండర్‌గార్టెన్). మొన్నటిదాకా స్వెట్టర్లతో ఏదోలా నెట్టుకొచ్చాం. సోమవారం పొద్దున మైనస్ 14. బస్సు 8:05కి. ఏడింటికే లేపాను. చిన్నాడికి బూట్లు తొడిగాక చూస్తే స్నో ప్యాంటు వాటి మీదుగా ఎక్కదు. మళ్ళీ విప్పాను. గ్లవ్స్ తొడిగితే ఆ చేతులు జాకెట్లో ఇరుక్కున్నాయి. అన్నీ అయ్యి, తలుపు కూడా తీశాక "అమ్మా, బాత్రూం" అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. పెద్దది అప్పటికే జాకెట్లో చెమటలు పట్టి గుమ్మం దగ్గర నిలబడి ఏడుపు. మా ఆయన నైట్ షిఫ్టు చేసి అప్పుడే పడుకున్నారు. నాకింకా ఇక్కడ లైసెన్సు లేదు. ఇద్దర్నీ ఇరవై నిమిషాలు నడిపించుకుని వెళ్ళాను. దీనికేమైనా పద్ధతుందా, లేక ఏప్రిల్ దాకా ఇంతేనా?

ముగ్గురు పిల్లల అమ్మ, బ్రాంప్టన్:

చెల్లీ, ఆ బాత్రూం కథ అందరిళ్ళల్లోనూ ఉంది. మా ఇంట్లో రూలు ఏంటంటే, స్నో ప్యాంటు ముట్టుకునే ముందు బాత్రూంకి వెళ్ళి రావాలి. "వస్తోందా?" అని అడగొద్దు. అడిగితే రాలేదనే అంటారు. పంపించేయ్, అంతే.

వరస ఇది: స్నో ప్యాంటు, బూట్లు, నెక్ వార్మర్, జాకెట్, టోపీ, అన్నిటికన్నా చివర గ్లవ్స్. అవి తొడిగాక పిల్లాడు ఏ జిప్పూ పట్టుకోలేడు. స్నో ప్యాంటు కాలి దగ్గర లోపల ఇంకో ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది చూడు, దాన్ని బూటు పైకి లాగాలి. ఆ సంగతి తెలియక మొదటి ఏడాది మా పెద్దాడు రోజూ బూట్లలో మంచు నింపుకొచ్చేవాడు. టీచరుని తిట్టుకున్నాను కూడా, పాపం.

వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ చిన్నాడికి వద్దు. మిట్టెన్స్ కొను. నాలుగు వేళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా ఉంటాయి, నాలుగేళ్ళవాడికి తొడగడమూ తేలిక. రెండు జతలు కావాలి. మొదటి రిసెస్‌లోనే, అంటే ఆటల విరామంలోనే, ఒకటి తడిసి ముద్దవుతుంది, రెండోది బ్యాగులో ఉండాలి. మఫ్లర్ పెట్టకు. జారుడుబల్ల దగ్గర చిక్కుకుంటే మెడకి బిగుసుకుంటుందని చిన్న క్లాసులకి చాలా స్కూళ్ళలో వద్దంటారు. మంకీ క్యాపు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. మన ఊళ్ళో నవంబరు రాగానే తాతయ్యలు అది పెట్టుకుంటే నవ్వేవాళ్ళం కదా, ఇక్కడ దాన్నే బాలక్లావా అని డబ్బులు పోసి కొంటున్నాం.

సాక్సు ఒక్క జతే, ఊలు కలిసినవి. కాటన్‌వి చెమటకి తడిసి అలాగే ఉండిపోతాయి, కాళ్ళు జిల్లుమంటాయి. మా అత్తగారు వచ్చినప్పుడు ప్రేమకొద్దీ మూడు జతలు తొడిగేవారు. బూటు బిగుసుకుపోయి, లోపల వెచ్చటి గాలికి చోటు లేక కాళ్ళు ఇంకా చల్లబడేవి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఇవన్నీ నువ్వు తొడిగితే సరిపోదు, వాడంతట వాడు తొడుక్కోవడం రావాలి. స్కూల్లో రోజుకి రెండుసార్లైనా ఆడుకోవడానికి బయటికి పంపుతారు. జేకే, ఎస్కే (సీనియర్ కిండర్‌గార్టెన్) కలిపి ఒక్కో గదిలో ఇరవైమందికి పైనే పిల్లలు, మామూలుగా ఇద్దరు పెద్దవాళ్ళు. అందరికీ జిప్పులు పెట్టేసరికి రిసెస్ అయిపోతుంది. జాకెట్‌ని నేలమీద జిప్పు తీసి వెల్లకిలా పరుచు, మెడ భాగం వాడి కాళ్ళవైపు ఉండాలి. వంగి రెండు చేతులూ దూర్చి, తలమీదుగా వెనక్కి వేసుకోమను. టక్కున ఎక్కేస్తుంది. ఇది స్కూలుకెళ్ళే హడావుడిలో నేర్పకు. ఆదివారం సాయంత్రం ఆటలాగా నేర్పు. మా చిన్నది ఆ ఆటలో వాళ్ళ నాన్న జాకెట్ కూడా వేసుకుంది.

పొద్దున పని సగం రాత్రే అయిపోవాలి. బూట్లలో లైనరు (లోపలి మెత్తటి పొర) ఊడొచ్చే రకమైతే తీసి, మిట్టెన్స్‌తో పాటు వేడిగాలి వచ్చే హీటింగ్ వెంట్ దగ్గర ఆరబెట్టు. మరీ వెంట్ మీద కప్పేయకు. పొద్దున వేసుకునే వరసలోనే గుమ్మం దగ్గర నేలమీద పేర్చి పెట్టు. జాకెట్ మాత్రం బస్సుకి ఐదు నిమిషాల ముందు. ముందే వేస్తే ఇంట్లో చెమట పట్టి, ఆ తడితోనే బయటికెళ్తారు. మీ పెద్దమ్మాయికి జరిగింది అదే.

ప్రతి దానిమీదా పేరు రాయి. ఒక్కో మిట్టెన్‌కీ విడిగా.

ఇద్దరు పిల్లల నాన్న, మిస్సిసాగా:

అక్క అంతా చెప్పేశారు. బయటి సంగతులు నేను చెబుతానండీ.

ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూడకండి, విండ్ చిల్ (గాలితో కలిసి ఒంటికి తగిలే చలి) చూడండి. మైనస్ 20 ఉండి గాలి గంటకి 30 కిలోమీటర్లు వీస్తుంటే ఒంటికి మైనస్ 33లా తగులుతుంది. విండ్ చిల్ మైనస్ 28కి దిగితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని ఎన్విరాన్‌మెంట్ కెనడా చెబుతుంది. అలాంటి రోజు బస్సు తప్పితే మీ ఆయన్ని లేపండి, ఏమీ అనుకోరు. చెవులో ముక్కో తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి. మనకి చలి అనగానే రుద్దడం అలవాటు, కానీ ఇక్కడ దానివల్ల చర్మం ఇంకా దెబ్బతింటుంది. ఇంట్లోకి తెచ్చి అరచేతి వెచ్చదనమో గోరువెచ్చని నీళ్ళో తగలనివ్వండి. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టరు దగ్గరికి.

మంచు బాగా పడిన రోజు పొద్దున్నే స్కూలు బస్సుల సైటు చూసుకోవాలి. బస్సులు రద్దయినా చాలాసార్లు స్కూలు తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు మీరే దింపాలి. పొద్దున బస్సు లేకపోతే సాయంత్రం కూడా ఉండదు, ఆ సంగతి మర్చిపోయి నేనొకసారి మూడున్నరకి స్టాప్‌లో ఒక్కణ్ణే నిలబడ్డాను.

కారు గురించి ఇంకో మాట. లావు జాకెట్ మీద కార్ సీట్ బెల్టు పెట్టకూడదు. గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, గుద్దుకుంటే జాకెట్ నొక్కుకుపోయి బెల్టు వదులవుతుంది. జాకెట్ తీసి, బెల్టు బిగించి, అదే జాకెట్‌ని పైన దుప్పటిలా కప్పండి.

కొత్తగా వచ్చిన అమ్మ:

చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యా. ఇంకో రెండు డౌట్లు. డబ్బా మధ్యాహ్నానికి చల్లబడి పోతోందని పెద్దది అన్నం వెనక్కి తెస్తోంది. దానికి పోనీటెయిల్ వేస్తే టోపీ సగంలోనే ఆగిపోతోంది, వద్దంటే వినదు.

మనవలున్న అమ్మమ్మ, స్కార్‌బరో:

అమ్మా, ఆ పోనీటెయిల్ మానిపించి కింద రెండు జడలు వెయ్యి. మెడ దగ్గర మొదలైతే టోపీ చెవులదాకా దిగుతుంది. ఇక్కడి పొడిగాలికి బుగ్గలు పగులుతాయి, రాత్రి పడుకునే ముందు కాస్త వ్యాసిలీన్ రాయి. కొబ్బరినూనె సీసాలో రాయిలా ఉంటుంది, దాన్ని కరిగించుకుంటూ కూర్చోకు.

డబ్బాకి థర్మోస్ కొను. అందులో మరిగే నీళ్ళు పోసి మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచు, పారబోసి పొగలు కక్కే పప్పన్నం పెట్టి వెంటనే మూత బిగించు. ఆ నీళ్ళ పని చెయ్యకపోతే ఎంత ఖరీదైన థర్మోసైనా దండగే. ఆ మూత పిల్ల చేత ఇంట్లో ఒకసారి తీయించి చూడు. మా మనవడు మూత రాక రెండురోజులు ఆకలితో వచ్చాడు, అడగడానికి సిగ్గు. పులిహోరలో పల్లీలు తీసెయ్యి, పల్లీ చట్నీ కూడా వద్దు. కొంతమంది పిల్లలకి అలర్జీ, అందుకే చాలా స్కూళ్ళలో రానివ్వరు.

కొత్తగా వచ్చిన అమ్మ:

ఈ రోజు 7:58కి స్టాప్‌లో ఉన్నామండీ! చిన్నాడు జాకెట్ తనే తలమీదుగా వేసుకున్నాడు, తలకిందులుగా. హుడ్ నడుం దగ్గర వేలాడుతోంది. విప్పి మళ్ళీ వేయించినా టైముందని వేయించాను. పెద్దదాని బూట్లు మాత్రం ఊలు సాక్సుతో బిగుతైపోయాయి, సైజు 2. పాతవి ఎక్కడ దొరుకుతాయి?

ముగ్గురు పిల్లల అమ్మ, బ్రాంప్టన్:

పాత సామాన్లు అమ్మే వ్యాల్యూ విలేజ్‌లో వెతకొచ్చు, కానీ ఆగు. మా రెండోదానివి సైజు 3 ఉన్నాయి, రెండు నెలలు కూడా వేయలేదు. కాస్త వదులుగా ఉన్నా పరవాలేదు, మందం సాక్సు వేస్తావుగా. శనివారం పదకొండు తర్వాత మీ ఆయన్ని తీసుకుని రా, భోజనం ఇక్కడే. లైనర్లు ఉతికి ఆరేశాను. ఎడమ బూటు జిప్పు మొండికేస్తుంది, కొవ్వొత్తి రుద్దితే దిగుతుంది.