బీటా కంపైలర్ మీద టెస్టులు ఫెయిలైతే మెర్జ్ ఆపాలా? (రస్ట్)

గోదారిలింకర్:
రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో ఆరు వారాలకోసారి కంపైలర్ విడుదల ఉంటుంది. ప్రధాన శాఖ నుంచి కొత్త బీటా (పరీక్షించడానికి ఇచ్చే ముందస్తు వెర్షన్) విడిపోతుంది, అప్పటిదాకా బీటాగా ఉన్నది స్టేబుల్ (అందరూ వాడే వెర్షన్) అవుతుంది. అంటే రాబోయే స్టేబుల్ ఆరు వారాల ముందే మన చేతిలో ఉన్నట్టే. ఆ గడువును చాలా టీములు వృథా చేసుకుంటున్నాయి. సీఐలో, అంటే బిల్డ్, టెస్టులు దానంతటదే నడిపే వ్యవస్థలో, స్టేబుల్ పక్కనే బీటా జాబ్ ఉండాలి, అది ఫెయిలైతే మెర్జ్ (మార్పును ప్రధాన కోడ్‌లో కలపడం) ఆగాలి అన్నది నా వాదన. మెర్జ్‌ను ఆపని జాబ్‌ని నాలుగు రోజులు చూస్తారు, ఐదో రోజు నుంచి ఎవరూ పట్టించుకోరు.

1.80 సంగతే తీసుకోండి. 2024 జూలై 25న వచ్చింది. అందులో బాక్స్<స్టర్>కి ఫ్రమ్‌ఇటరేటర్ ఇంప్ల్ (కలెక్ట్‌తో వరుస విలువల నుంచి ఆ టైపును కట్టే కోడ్) కొత్తగా చేరింది. అంతకుముందు కలెక్ట్ దగ్గర టైపును బాక్స్<_> అని వదిలేసినా కంపైలర్ స్లైస్ అని తేల్చుకునేది. ఇప్పుడు రెండు దారులు కనబడేసరికి తేల్చుకోలేక ఈ0282 ఎర్రర్ ఇచ్చింది. టైమ్ అనే క్రేట్ (రస్ట్ లైబ్రరీ ప్యాకేజీ) పాత వెర్షన్లలో సరిగ్గా అలాంటి లైనే ఉంది. 0.3.35లో దాన్ని సరిచేశారు, అది 1.80 స్టేబుల్ కాకముందే వచ్చింది. 'కార్గో అప్‌డేట్ -పి టైమ్' అని ఒక్క కమాండ్ కొడితే సరిపోయేది. అయినా పాత లాక్ ఫైలుతో (డిపెండెన్సీల వెర్షన్లు రాసి ఉండే ఫైలు) ఉన్న ప్రాజెక్టులు కంపైలర్ మార్చిన రోజే ఆగిపోయాయి. బీటా జాబ్ ఉన్నవాళ్లకు అదే ఎర్రర్ వారాల ముందే కనబడేది.

సెమికోలన్:
లింకర్ గారూ, బీటాలో పరీక్షించాలన్న దాంతో నాకు పేచీ లేదు. మెర్జ్ ఆపడం మాత్రం తప్పు మనిషిని శిక్షించడం. ఎవరో లాగ్ సందేశంలో అక్షరదోషం దిద్ది పుల్ రిక్వెస్ట్ (మార్పును కలపమనే అభ్యర్థన) పెడతారు. కంపైలర్ మారినందుకు వాళ్ల పని ఆగుతుంది. పైగా బీటా అంటే ఒకచోట నిలిచి ఉండేది కాదు. బీటా.1 తర్వాత బ్యాక్‌పోర్టులు (ప్రధాన శాఖ నుంచి తెచ్చిన దిద్దుబాట్లు) చేరుతుంటాయి, బీటా.2, బీటా.3 అని వస్తుంటాయి. పొద్దున పాసైన కోడ్ ఒక్క లైనూ మారకుండా సాయంత్రం ఫెయిల్ కావచ్చు.

బీటాలో వచ్చే ఫెయిల్యూర్లలో ఎక్కువ వాటికి కంపైలర్ తప్పుతో సంబంధమే ఉండదు. వార్నింగులను ఎర్రర్లుగా మార్చే #![డినై(వార్నింగ్స్)] పెట్టిన క్రేట్‌లో కొత్త లింట్ (కోడ్ మీద కంపైలర్ చేసే హెచ్చరిక తనిఖీ) ఒక్కటి వచ్చినా బిల్డ్ పోతుంది. ట్రైబిల్డ్‌తో ఎర్రర్ సందేశాల్ని అక్షరం అక్షరం పోల్చే టెస్టులుంటే, సందేశంలో ఒక మాట మారినా ఫెయిలే. ఇలాంటి వాటికి మెర్జ్ ఆపితే రెండు విడుదలల్లో టీమే ఆ జాబ్‌ని పీకేస్తుంది. అప్పుడు మనకు మిగిలేది సున్నా.

నేను చెప్పేది: పుల్ రిక్వెస్టుల్లో వద్దు. వారానికి రెండుసార్లు షెడ్యూల్ మీద నడపండి. ఫెయిలైతే దానంతటదే ఇష్యూ తెరుచుకుని, ఆ వారం బాధ్యత ఉన్నవాళ్ల పేరు మీద పడాలి.

పాతస్టేబుల్:
ఇద్దరికీ ఒక మూలప్రశ్న. ఇదంతా మనం ఎందుకు చేయాలి? ప్రతి బీటాకూ రస్ట్ ప్రాజెక్టు క్రేటర్ అనే సాధనాన్ని నడుపుతుంది. క్రేట్స్.ఐఓలోని (అందరికీ తెరిచి ఉన్న ప్యాకేజీల కేంద్రం) క్రేట్లు, గిట్‌హబ్‌లోని రస్ట్ ప్రాజెక్టులు అన్నిటినీ పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్త దాంతో ఒకసారి బిల్డ్ చేసి తేడాలు చూస్తుంది. మన నలభై క్రేట్ల వర్క్‌స్పేస్ దానికి అదనంగా ఏం కనిపెడుతుంది? ఆ సీఐ నిమిషాలు మన టెస్టులు పెంచుకోవడానికి వాడుకోవచ్చు. 1.80.0 లాంటి .0 విడుదల వచ్చాక రెండు వారాలు ఆగి అప్‌గ్రేడ్ అయితే సరిపోతుంది.

బైసెక్ట్‌బావి:
పాతస్టేబుల్ గారూ, క్రేటర్‌కి ఏవి కనబడవో చూస్తే మీ లెక్క మారుతుందని నా నమ్మకం.

మొదటిది, కంపెనీల ప్రైవేటు కోడ్ దానికి అందదు. రెండోది, అది కోడ్‌ని నెట్‌వర్క్ లేని శాండ్‌బాక్స్‌లో లినక్స్ మీద నడుపుతుంది. డేటాబేస్‌కో సర్వర్‌కో కనెక్ట్ అయ్యే టెస్టులు పాత కంపైలర్‌తోనూ కొత్తదాంతోనూ ఫెయిలవుతాయి కాబట్టి, వాటినుంచి తెలిసేదేమీ ఉండదు. విండోస్ మీద మాత్రమే కంపైలయ్యే కోడ్ సంగతి సరేసరి.

మూడోది అసలైనది. క్రేటర్‌కి తెలిసినంత మాత్రాన మార్పు ఆగదు. కొత్త ట్రెయిట్ ఇంప్ల్ చేరడం వల్ల టైప్ ఇన్ఫరెన్స్ (కంపైలర్ టైపును తానే తేల్చుకోవడం) విరగడం రస్ట్ స్టెబిలిటీ హామీ ప్రకారం అనుమతించిన మార్పే. లింకర్ గారు చెప్పిన 1.80 ఉదాహరణ ఆ కోవలోనిదే. మీ లాక్ ఫైలులో టైమ్ క్రేట్ ఏ వెర్షన్ దగ్గర ఆగి ఉందో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగోది 1.52.0. 2021 మే 6న విడుదలైంది, నాలుగు రోజులకే మే 10న 1.52.1 తేవాల్సి వచ్చింది. ఇంక్రిమెంటల్ కంపైలేషన్‌లో (మారిన భాగాలనే మళ్లీ కంపైల్ చేయడం) దాగి ఉన్న తప్పుల్ని పట్టుకునే ఫింగర్‌ప్రింట్ తనిఖీని 1.52.0లో అందరికీ ఆన్ చేశారు. దాంతో ఎన్నాళ్లుగానో ఉన్న తప్పులు కంపైలర్ క్రాష్‌లుగా బయటపడ్డాయి. 1.52.1లో ఇంక్రిమెంటల్‌నే డిఫాల్ట్‌గా ఆపేశారు. 2022లో 1.59.0లోనూ మళ్లీ ఆపాల్సి వచ్చింది, 1.60లో తిరిగి వచ్చింది. ఇలాంటి తప్పు ఒకసారి మొదటినుంచి బిల్డ్ చేస్తే బయటికి రాదు. బిల్డ్ చేసి, ఫైలు మార్చి, మళ్లీ బిల్డ్ చేయాలి. చాలా సీఐల్లో కార్గో_ఇంక్రిమెంటల్=0 అని పెడతాం కాబట్టి అక్కడా దొరకదు. రోజంతా కోడ్ రాసే మనిషి మెషీన్ మీదే దొరుకుతుంది. అందుకే సీఐ జాబ్ ఒక్కటే చాలదంటాను. టీములో ఒకరిద్దరు రోజువారీ పనికి బీటానే వాడాలి.

పాతస్టేబుల్:
ఇంక్రిమెంటల్ వాదన ఒప్పుకుంటున్నాను, అది నా లెక్కలో లేదు. కానీ 1.80.1 చూడండి. ఫ్లోట్ల పోలికల్లో తప్పుడు కోడ్ పుట్టించే ఆప్టిమైజేషన్ లోపాన్ని సరిచేయడానికి 2024 ఆగస్టు 8న వచ్చింది. అది బీటా దాటి స్టేబుల్‌లోకి చేరిన తప్పే కదా. బీటా పరీక్షలు అంత నమ్మదగినవైతే అది ఎలా దాటింది? .0 విడుదలను వదిలేసి ఆగినవాళ్లు ఆ తప్పు జోలికే పోలేదు.

బైసెక్ట్‌బావి:
అది జంప్ థ్రెడింగ్ అనే పాస్‌లోని (కంపైలర్ పనిలో ఒక దశ) తప్పు. ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తేనే ఆ పాస్ నడుస్తుంది. మామూలు 'కార్గో టెస్ట్' డీబగ్ ప్రొఫైల్‌లో నడుస్తుంది కాబట్టి, దాన్ని వెయ్యిసార్లు కొట్టినా ఈ జాతి తప్పు బయటికి రాదు. మనం కస్టమర్లకు ఇచ్చేది రిలీజ్ బైనరీ, పరీక్షించేది డీబగ్ బైనరీ. బీటా జాబ్‌లో --రిలీజ్ లేకపోతే సగం పనే చేసినట్టు. ఇక అందరూ రెండు వారాలు ఆగి అప్‌గ్రేడ్ అయితే, తప్పులు కూడా రెండు వారాలు ఆగి బయటపడతాయి. ఎవరో ఒకరు ముందు నడిపితేనే 1.80.1 లాంటి పాయింట్ విడుదల వస్తుంది.

కార్గోకాకి:
జాబ్ పెట్టుకునే పద్ధతి నిర్దిష్టంగా రాస్తున్నాను. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

'రస్టప్ టూల్‌చెయిన్ ఇన్‌స్టాల్ బీటా --ప్రొఫైల్ మినిమల్'. తర్వాత 'కార్గో +బీటా టెస్ట్ --వర్క్‌స్పేస్ --లాక్డ్', ఆపైన అదే కమాండ్ --రిలీజ్‌తో. ఆ ప్లస్ గుర్తు చాలా ముఖ్యం. రిపోలో రస్ట్-టూల్‌చెయిన్.టామ్ల్ ఉండి, అందులో 1.79 అని రాసి ఉంటే, 'రస్టప్ డిఫాల్ట్ బీటా' కొట్టి లాభం లేదు. డిఫాల్ట్ కన్నా ఆ ఫైలు మాటే నెగ్గుతుంది. జాబ్ పేరు బీటా, నడిచేది 1.79, ఫలితం ఎప్పుడూ పచ్చ. ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. +బీటా గానీ రస్టప్_టూల్‌చెయిన్=బీటా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ గానీ వాడితేనే ఆ ఫైలును దాటుతుంది. జాబ్ మొదటి స్టెప్పులో 'రస్ట్‌సీ +బీటా -vV' ప్రింట్ చేయండి. వెర్షన్ లైనులో బీటా.ఎన్ అని, కమిట్ హాష్‌తో సహా కనబడాలి. రేపు రిపోర్టు రాయడానికి కావలసింది కూడా ఆ లైనే.

వార్నింగుల గొడవకు చాలామంది రస్ట్‌ఫ్లాగ్స్‌లో --క్యాప్-లింట్స్ వార్న్ పెడతారు. జాగ్రత్త. రస్ట్‌ఫ్లాగ్స్‌ను ఎన్విరాన్‌మెంట్‌లో పెడితే .కార్గో/కాన్ఫిగ్.టామ్ల్‌లోని బిల్డ్.రస్ట్‌ఫ్లాగ్స్ కలవవు, మొత్తంగా పక్కకు పోతాయి. అక్కడ టార్గెట్-సీపీయూ, లింకర్ ఆర్గ్యుమెంట్లు రాసుకుని ఉంటే మీరు పరీక్షించేది వేరే బైనరీ. దానికన్నా సోర్స్ నుంచి డినై(వార్నింగ్స్) తీసేసి, -డి వార్నింగ్స్‌ను స్టేబుల్ లింట్ జాబ్‌లో మాత్రమే ఉంచడం మేలు. డిపెండెన్సీల లింట్ల గురించి బెంగ అక్కర్లేదు, వాటిని కార్గోనే అణచేస్తుంది. ట్రైబిల్డ్ టెస్టుల్ని ఒకే వెర్షన్‌కి కట్టేసి బీటా జాబ్ నుంచి మినహాయించండి.

లాక్ ఫైలును మారనివ్వని --లాక్డ్ వదలొద్దు. అది లేకపోతే కంపైలర్‌తోపాటు డిపెండెన్సీ కూడా మారిందేమోనన్న అనుమానం ఉండిపోతుంది. డెవలపర్ మెషీన్ల మీద కార్గో_టార్గెట్_డిర్ వేరుగా పెట్టుకుంటే బీటా, స్టేబుల్ బిల్డులు ఒకదానితో ఒకటి కలవవు. డిస్క్ చోటు మాత్రం రెట్టింపు కావాలి.

షెడ్యూల్ విషయంలో సెమికోలన్ గారికి ఒక మాట. గిట్‌హబ్ క్రాన్ (షెడ్యూల్ వేళలు రాసే పద్ధతి) డిఫాల్ట్‌గా యూటీసీలో నడుస్తుంది. '30 20 * * 2' అని రాస్తే మనకు బుధవారం తెల్లవారుజామున 2 గంటలు. పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ జాబ్‌లు ఆగిపోతాయి. నిదానంగా నడిచే లైబ్రరీలకు బీటా జాబ్ అవసరం ఎక్కువ, అవే ఇలా చప్పుడు లేకుండా ఆగిపోతాయి.

గోదారిలింకర్:
టూల్‌చెయిన్ ఫైలు సంగతి అందరూ రెండుసార్లు చదవాలి. సెమికోలన్ గారి మాట కొంతమేర తీసుకుంటున్నాను: మామూలు పుల్ రిక్వెస్టుల్ని ఆపొద్దు. కానీ విడుదల శాఖను ట్యాగ్ చేసే ముందు బీటా పచ్చగా ఉండాలన్న నియమం దగ్గర నేను దిగిరాను. షెడ్యూల్ జాబ్ తెరిచిన ఇష్యూ మూడు వారాలు అలాగే పడి ఉంటే లాభమేంటి?

సెమికోలన్:
ట్యాగ్ దగ్గర ఆపడం నాకు సమ్మతమే, ఒక షరతు మీద. తప్పు కంపైలర్‌దని తేలి, పైన (రస్ట్ ప్రాజెక్టుకు) రిపోర్టు చేసి ఉంటే, ఆ ఇష్యూ నంబరు రాసి దాటిపోయే వీలుండాలి. వాళ్లు సరిచేసేదాకా మన విడుదల ఆగకూడదు.

బైసెక్ట్‌బావి:
ఆ 'పైన రిపోర్టు' గురించి. ఎప్పుడు చేశామన్నదే ఇక్కడ కీలకం. తప్పును ముందు ప్రధాన శాఖలో సరిచేయాలి, దానికి బీటా-నామినేటెడ్ లేబుల్ పడాలి, కంపైలర్ టీము ఒప్పుకోవాలి, ఆపైన బ్యాక్‌పోర్ట్ కావాలి. ఆరో వారంలో రిపోర్టు చేస్తే ఇదంతా జరిగేందుకు వేళ ఉండదు. మొదటి రెండు వారాల్లో చేరిన రిపోర్టుకే బలం.

తప్పు ఏ బిల్డులో మొదలైందో వెతికే కార్గో-బైసెక్ట్-రస్ట్‌సీ వాడండి. ఆరు వారాలంటే 42 నైట్లీలు (రోజుకొకటిగా వచ్చే కంపైలర్ బిల్డులు), సగానికి సగం కోసుకుంటూ పోతే ఆరు ప్రయత్నాల్లో రోజు దొరుకుతుంది. ఆ తర్వాత అదే సాధనం ఆ రోజు చేరిన కమిట్లలోకి దిగి, ఏ మెర్జ్ కారణమో చెబుతుంది. కమిట్ బిల్డులను దాదాపు 168 రోజులే ఉంచుతారు కాబట్టి పాత తప్పులకు నైట్లీ తేదీ దగ్గరే ఆగాల్సివస్తుంది. టెస్టు అప్పుడప్పుడు మాత్రమే ఫెయిలయ్యే రకమైతే బైసెక్ట్ దారి తప్పిస్తుంది. అలాంటప్పుడు ఆ టెస్టును ఇరవైసార్లు నడిపి ఒక్కసారి ఫెయిలైనా ఫెయిల్ అనే స్క్రిప్టు రాసి --స్క్రిప్ట్‌తో ఇవ్వండి.

ఇదంతా మీ మెషీన్ మీదే జరుగుతుంది, ప్రైవేటు కోడ్ బయటికి పోదు. కారణమైన మెర్జ్ నంబరు, వెర్షన్ లైను, ఇరవై లైన్లకు కుదించిన నమూనా ఈ మూడూ చాలు. రిగ్రెషన్ టెంప్లేట్‌లో తెరిస్తే లేబుల్ దానంతటదే పడుతుంది.

తమ్‌వీ7:
మైక్రోకంట్రోలర్ల వాళ్ల తరఫున ఒక చేర్పు. తమ్‌వీ7ఈఎమ్ లాంటి టార్గెట్లు (కోడ్ నడవాల్సిన చిప్ రకాలు) రెండో టియర్‌వి, అంటే రెండో మద్దతు స్థాయివి. అవి బిల్డ్ అవుతాయన్న హామీ ఉంది కానీ వాటి మీద టెస్టులు నడుస్తాయన్న హామీ లేదు. బోర్డు మీద బీటాను నడిపి చూసేది మనమే. 'రస్టప్ టార్గెట్ యాడ్ --టూల్‌చెయిన్ బీటా' మరిచిపోతే కోర్ క్రేట్ దొరకలేదని ఈ0463 వస్తుంది, దాన్ని రిగ్రెషన్ అనుకోవద్దు.

మాకు ఎక్కువగా తగిలేది సైజు. ఎల్ఎల్‌వీఎం (మెషీన్ కోడ్ పుట్టించే భాగం) వెర్షన్ మారిన విడుదలల్లో ఇన్‌లైనింగ్ (ఫంక్షన్ కోడ్‌ను పిలిచిన చోటే పెట్టడం) నిర్ణయాలు మారి బైనరీ పెరగొచ్చు. టెస్టులన్నీ పాసై, చివర్లో లింకర్ మాత్రం .టెక్స్ట్ సెక్షన్ (ప్రోగ్రామ్ కోడ్ భాగం) బోర్డు ఫ్లాష్ మెమరీలో పట్టదంటుంది. బీటా జాబ్‌లో స్టేబుల్ సైజును, బీటా సైజును పక్కపక్కన ప్రింట్ చేసి, ఫ్లాష్‌లో 5 శాతం కన్నా తక్కువ చోటు మిగిలితే ఫెయిల్ చేయండి. ఈ ఒక్క తనిఖీకి మాత్రం నేను లింకర్ గారి పక్షం, మెర్జ్ ఆపాల్సిందే.

పాతస్టేబుల్:
రిలీజ్ ప్రొఫైల్, --లాక్డ్, వారానికి రెండుసార్లు. అంతవరకు పెట్టి చూస్తాను. బోర్డులు లేని మాకు సైజు తనిఖీ అక్కర్లేదు. రోజువారీ పనికి బీటా వాడమని మాత్రం ఎవరినీ అడగను, ఇష్టమున్నవాళ్లు వాడొచ్చు. కార్గోకాకి గారూ, మా రిపోలో టూల్‌చెయిన్ ఫైలు ఉంది, కార్గోను నేరుగా కాకుండా మేక్‌ఫైలు ద్వారా పిలుస్తాం. అక్కడ +బీటా ఎలా పెట్టాలి?

కార్గోకాకి:
మేక్‌ఫైలు ముట్టుకోవద్దు. జాబ్ స్థాయిలో రస్టప్_టూల్‌చెయిన్=బీటా పెట్టండి. మేక్ పిలిచే ప్రతి కార్గోకీ, బిల్డ్ స్క్రిప్టులు పిలిచే రస్ట్‌సీకీ అదే అందుతుంది. ఎక్కడైనా ఎవరైనా +1.79 అని నేరుగా రాసి ఉంటే మాత్రం అదే నెగ్గుతుంది, ముందు దాన్ని వెతికి తీసేయండి.