అప్‌డేట్: ప్రమోటర్ల వారంట్లు షేర్లుగా ఎందుకు మారలేదో తెలిసింది

మా నాన్నగారి కాలం నుంచి మా దగ్గరున్న ఒక చిన్న కంపెనీ తన ప్రమోటర్లకు (కంపెనీని నడిపించే ప్రధాన యజమానులకు) వారంట్లు (ముందే నిర్ణయించిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులు) కేటాయించి రెండేళ్లయినా మొత్తం షేర్ల సంఖ్య ఎందుకు పెరగలేదని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

రెండేళ్ల వార్షిక నివేదికలను పక్కపక్కన పెట్టి చూడమన్న సలహాయే పనిచేసింది. కడప ఏడురోడ్ల దగ్గరి మా ఆడిటరు గారు, నిరుటి బ్యాలెన్స్ షీటులో ‘షేర్ వారంట్లపై అందిన సొమ్ము’ అన్న వరుస మీద పెన్సిలు పెట్టి, ఈసారి అక్కడ చిన్న గీత (అంటే సున్నా) మాత్రమే ఉండటాన్ని, సరిగ్గా అంతే మొత్తం క్యాపిటల్ రిజర్వులో (కంపెనీ సొంత నిధుల్లో ఒకదానిలో) చేరడాన్ని చూపించారు. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2018 నిబంధనల ప్రకారం వారంటు ధరలో కనీసం 25 శాతం ముందే చెల్లించి, మిగిలినది 18 నెలల్లోగా కట్టి షేర్లుగా మార్చుకోవాలి. ప్రమోటర్లు కట్టకపోవడంతో ముందు చెల్లించిన సొమ్ము కంపెనీకే జప్తయింది.

నేను వారం రోజులు తిరగేసిన మా డీమ్యాట్ (మన షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా) స్టేట్‌మెంటుకు దీనితో సంబంధమే లేదు, ఎందుకంటే ఆ వారంట్లు మన ఖాతాల్లో కనిపించేవి కావు.

కొత్త షేర్లు రాలేదు కాబట్టి కంపెనీలో మా వాటా పలచబడలేదు. అయినా ఆ ధరకు మిగతా సొమ్ము పెట్టడానికి ప్రమోటర్లే ముందుకు రాకపోవడం నన్ను కలవరపెట్టింది. ఉన్న షేర్లు అమ్మలేదు గానీ, కొత్తగా కొనడం ఆపేశాను.