పాత రాక్ పాటను పావుగంట సాగదీస్తే అది ఇంకా ఆ పాటేనా?

బరంపురం పట్టుబాబు
మొన్న విశాఖలో ఒక జామ్ బ్యాండ్ (పాట మధ్యలో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే బృందం) ప్రోగ్రాంకి వెళ్ళాను. గిటార్, కీబోర్డు, బేస్, డ్రమ్స్, ఒక శాక్సోఫోన్. పోస్టరు మీద ‘క్లాసిక్ రాక్’ అని పెద్ద అక్షరాలు. డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు వాళ్ళ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఎత్తుకోగానే హాలంతా లేచి నిలబడింది. గిటార్ పట్టిన కుర్రాడెవడైనా ముందు నేర్చుకునే బిట్ అదే కదా. ఒక చరణం అయిందో లేదో, పాడే అబ్బాయి మైకు వదిలేసి పక్కకి తప్పుకున్నాడు. ఇక శాక్సోఫోన్, తర్వాత కీబోర్డు, ఆ తర్వాత డ్రమ్స్. పావుగంట దాటినా నేనున్నంతసేపట్లో రెండో చరణం రాలేదు.

వాయించడం చేతకాదని నేననడం లేదు. చేతనైన కుర్రాళ్ళే. కానీ రాక్ అని చెప్పి టికెట్ అమ్మి, తలా ఒక సోలో అల్లుకుంటూ పోయే జాజ్ వినిపిస్తే ఎలా? జాజ్ అనే వేసుకోవచ్చు కదా. మీరేమంటారు?

జయపురం గిటార్
అన్నా, పోయి పోయి డీప్ పర్పుల్‌నే సాక్ష్యానికి తెచ్చారు! 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో రికార్డు చేసిన వాళ్ళ ‘మేడ్ ఇన్ జపాన్’ లైవ్ ఆల్బమ్ వినండి. ‘స్పేస్ ట్రకిన్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. అక్కడ దాదాపు 20 నిమిషాలు వాయించారు. సొంతదారులే అంత సాగదీస్తే విశాఖ కుర్రాళ్ళ మీద కేసేంటి?

పైగా రాక్‌లోకి జాజ్‌ని వీళ్ళు కొత్తగా తెచ్చి పెట్టలేదు. డోర్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండు వాళ్ళ ‘లైట్ మై ఫైర్’ (1967) ఆల్బమ్‌లో ఏడు నిమిషాలుంటుంది. మధ్యలో ఆర్గాన్, గిటార్ సోలోలు రెండంటే రెండు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీదే తిరుగుతాయి. ఆ పద్ధతిని జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ‘మై ఫేవరెట్ థింగ్స్’ నుంచి తీసుకున్నామని బ్యాండు వాళ్ళే చెప్పారు. కోల్ట్రేన్ చేసింది మాత్రం ఏమిటి? బ్రాడ్‌వే నాటకంలోని పాటని 13 నిమిషాలకు పైగా వాయించాడు. ‘లైట్ మై ఫైర్’ సోలోలను రేడియో కోసం కోసేసి, మూడు నిమిషాల లోపు సింగిల్ (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డు) ఒకటి విడుదల చేశారు. మీకు నచ్చేది ఆ కోసేసిన పాటలా ఉంది.

రాయగడ రైలుబాబు
మనలో మన మాట. ఈ ఇంగ్లీషు పాటల్లో మాటలు మనకెప్పుడు అర్థమయ్యాయి గనక? రెండో చరణం రాలేదని బాధపడుతున్న అన్నగారిని ఆ చరణం ఏమిటో చెప్పమనండి చూద్దాం.

బరంపురం పట్టుబాబు
చెప్తాను తమ్ముడూ. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో క్యాసినో తగలబడింది. ఆ కథే ఈ పాట. మొదటి చరణంలో ఎవడో హాల్లో ఫ్లేర్ గన్ పేల్చి నిప్పంటిస్తాడు. రెండో చరణంలో క్లాడ్ అనే ఆయన లోపలికీ బయటికీ పరిగెడుతూ పిల్లల్ని బయటికి లాగుతాడు. మూడోదాంట్లో డీప్ పర్పుల్ వాళ్ళు ఖాళీగా ఉన్న ఒక హోటల్లో రికార్డింగ్ మొదలెడతారు. మన విశాఖ కుర్రాళ్ళేమో నిప్పంటించేసి శాక్సోఫోన్ అందుకున్నారు. లోపలున్న పిల్లల సంగతేంటి మరి?

రాయగడ రైలుబాబు
ఒప్పుకున్నాను గురూ. నేను సైడయిపోతున్నాను.

పర్లాకిమిడి మాస్టారు
మీరిద్దరూ గడియారం పట్టుకుని కొట్టుకుంటున్నారు. ఎంతసేపు వాయించారన్నది నాకు ముఖ్యం కాదు. మా వైపు జాతరల్లో పద్యనాటకాలు చూసినవాణ్ణి. కృష్ణుడి వేషం వేసినాయన రాగం ఎత్తుకుంటే హార్మోనియం ఆయనకి చేతులు నొప్పి పుట్టేవి. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదటికి. అయినా పద్యం నాలుగు పాదాలూ పూర్తిచెయ్యకుండా తెర వెనక్కి పోయినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కర్ణాటక కచేరీలో నెరవలూ అంతే. ఒకే పాదాన్ని ఎన్ని రకాలుగా తిప్పినా తాళంలో దాని చోటికి అది వచ్చి కూర్చోవాలి.

జామ్ బ్యాండులంటే అందరూ ముందు చెప్పే అమెరికన్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్‌నే చూడండి. ‘డార్క్ స్టార్’ 1968లో మూడు నిమిషాలైనా లేని సింగిల్. 1969 నాటి ‘లైవ్/డెడ్’ రికార్డులో అదే పాట 23 నిమిషాలు. మధ్యలో ఎక్కడెక్కడికో పోతారు, శ్రుతి తప్ప ఏమీ మిగల్లేదేమో అనిపిస్తుంది. కానీ చివర్లో రెండో చరణం వస్తుంది! అంతసేపు కూర్చున్నాక విన్నాం గనకే ఆ చరణానికి బలం.

ఇంకో మాట. శాక్సోఫోన్ ఒక ముక్క వాయిస్తే కీబోర్డు దాన్ని అందుకుందా? డ్రమ్స్ దానికి జవాబిచ్చాయా? తలా ఐదు నిమిషాలు పంచుకుని వాయించారంటే వంతులేసుకున్నట్టే, దాన్ని జామ్ అనను. పట్టుబాబుగారు ఆ సంగతి చెప్పలేదు.

జయపురం గిటార్
మాస్టారూ, తిరిగి రావాలన్నది మన కచేరీ నియమం. డెడ్ వాళ్ళు ‘ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్’ మధ్యలో వదిలేసి, వేరే పాటలు వాయించి, అదే రాత్రి ఎప్పుడో దాన్ని ముగించిన సందర్భాలు బోలెడు. 1970 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్ వెస్ట్‌లో వాళ్ళకంటే ముందు స్టేజీ ఎక్కి వాయించింది ఎవరనుకున్నారు? జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్! ప్రేక్షకులు టేపు చేసుకోవడానికి డెడ్ వాళ్ళు అభ్యంతరం చెప్పేవాళ్ళు కాదు, 1984లో అయితే టేపర్ల కోసం విడిగా సీట్లే కేటాయించారు. ఒకే పాట వేర్వేరు రాత్రుల టేపులు జనం ఎందుకు దాచుకున్నారు? ఏ రెండూ ఒకేలా ఉండవు గనక. మనకి ఒక క్యాసెట్ విని పెరిగిన అలవాటు. అందులో ఉన్నదే పాట, మిగతాదంతా తప్పు!

బరంపురం పట్టుబాబు
అది వాళ్ళ సొంత పాట, ఏం జరుగుతుందో వాళ్ళ జనానికి ముందే తెలుసు. నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్లలకి ఎవరు చెప్పారు? పోస్టరు సంగతికి ఇంతవరకూ ఒక్కరూ జవాబు చెప్పలేదు. మాస్టారూ, మీరడిగినదానికి: శాక్సోఫోన్, కీబోర్డు మాట్లాడుకున్నాయి, నిజమే. డ్రమ్స్ సోలోని మాత్రం నేను సమర్థించను. మన కచేరీల్లో తని (మృదంగం సోలో) మొదలవగానే కాంటీన్‌కి లేచేవాళ్ళని తిట్టేవాణ్ణి, ఇప్పుడు తిట్టను.

గుణుపురం గుంటడు
నేనూ ఆ రోజు హాల్లోనే ఉన్నాను. డ్రమ్స్ అయ్యాక శాక్సోఫోన్ ఆయన అదే గిటార్ బిట్‌ని సగం స్పీడులో, చాలా నెమ్మదిగా తెచ్చాడు. అందరూ కలిసి దాని మీదే ముగించారు. బ్రహ్మాండంగా ఉంది. అన్నగారు అప్పటికే టీకి వెళ్ళిపోయినట్టున్నారు.

బరంపురం పట్టుబాబు
టీ కాదురా, బరంపురం బండి. అది తప్పితే తెల్లారేదాకా స్టేషన్లోనే. సరే, రెండో చరణం పాడారా?

గుణుపురం గుంటడు
పాడలేదు.

బరంపురం పట్టుబాబు
మరి?