మనిషిలా ఆడే చెస్ ప్రోగ్రామ్ ఏదైనా ఉందా?

వేళచ్చేరి_నాన్న:
మావాడికి పదేళ్లు, ఇక్కడ వేళచ్చేరిలోనే చెస్ క్లాసుకి వెళ్తున్నాడు. 2024లో గుకేశ్ వరల్డ్ ఛాంపియన్ అయ్యాక చెన్నైలో ఏ పిల్లాడిని కదిపినా ఇదే గోల కదా. ఇంట్లో ఆడ్డానికి మాత్రం ఎవరూ లేరు, నాకు గుర్రం ఎలా కదుల్తుందో తెలుసు, అంతే. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ లెవెల్ తగ్గించి ఇస్తే అదేంటో కాసేపు గ్రాండ్‌మాస్టర్‌లా ఆడి ఉన్నట్టుండి క్వీన్‌ని తెచ్చి వీడి చేతిలో పెడుతుంది, వీడేమో గెలిచేశా అని గంతులు. ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడించడం మా ఆవిడకి ఇష్టం లేదు. మనిషిలా తప్పులు చేసే ప్రోగ్రామ్ ఉంటే చెప్పండి.

ఒంటి_బంటు:
అన్నా, మాయా అని ఒకటుంది చూడండి. టొరంటో, కార్నెల్ యూనివర్సిటీల వాళ్లు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌తో కలిసి 2020లో బయటపెట్టారు. స్టాక్‌ఫిష్ లెవెల్ తగ్గిస్తే ఏమవుతుందంటే మంచి ఎత్తు తెలిసి కూడా అప్పుడప్పుడు కావాలని వేరేది ఆడుతుంది, అందుకే ఆ తప్పుకి తలాతోకా ఉండదు. మాయాకి అసలు గెలవడం నేర్పలేదు, లీచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌లో మనలాంటి జనం ఆడిన గేములు చూపించి ఈ పొజిషన్‌లో మనిషైతే ఏం ఆడతాడో చెప్పు అని నేర్పించారు. రేటింగ్ (అంటే ఆటగాడి బలం చెప్పే నంబర్) 1100 నుంచి 1900 దాకా వందకొకటి చొప్పున తొమ్మిది మోడల్స్, ఒక్కోదానికి కోటీ ఇరవై లక్షల గేములు! ఆ లెవెల్ వాళ్లు ఆడే ఎత్తుని సుమారు సగం సార్లు కరెక్ట్‌గా పట్టేస్తుంది. లీచెస్‌లో మాయా1, మాయా5, మాయా9 అని బాట్‌లున్నాయి, పైసా ఖర్చు లేదు.

ఏనుగు_దారి:
మాయా1 అంటే 1100 అనుకుని పిల్లాడిని కూర్చోబెట్టకండి గురూ, బెంబేలెత్తిపోతాడు. ఆ రేటింగ్‌లో ఎక్కువమంది ఏది ఆడతారో అదే ఇది ఆడుతుంది, అంటే ఎవడో ఒక్కడు చేసే పిచ్చి పనులన్నీ ఓటింగ్‌లో కొట్టుకుపోతాయి, కాబట్టి నిజం 1100 వాడికంటే గట్టిగానే ఆడుతుంది. పైగా లీచెస్ రేటింగ్ వేరు, ప్రపంచ చెస్ సంఘం ఫిడే ఇచ్చే రేటింగ్ వేరు. ఇంకోటి, ఇది ముందుకి లెక్కలు వేసుకోదు, పొజిషన్ చూసి టక్కున ఆడేస్తుంది. ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలిన చివరి దశ) దీనితో నేర్పించాలనుకుంటే మాత్రం వద్దు. క్లాక్‌లో టైమ్ అయిపోతుంటే మనిషికి చేతులు వణుకుతాయి, దీనికి ఆ బాధ లేదు, అది కావాలంటే శనాదివారాల్లో టోర్నమెంట్‌కి తీసుకెళ్లాల్సిందే.

ఒంటి_బంటు:
ఓటింగ్ మాట కరెక్టే బాస్, కానీ ఊరికే క్వీన్ ఇచ్చేదానికంటే నయం కదా. ఓడినా పర్లేదన్నా, ఆడడం మాయాతో ఆడించండి, గేమ్ అయ్యాక అదే గేమ్‌ని స్టాక్‌ఫిష్‌తో చూపించండి, తప్పు ఎక్కడో అది చెప్తుంది.

వేళచ్చేరి_నాన్న:
థాంక్స్ ఇద్దరికీ, ఈ రాత్రికే పెట్టి చూస్తా. పక్కనే కూర్చుని చదివాడు, వాడికి ఒక్కటే డౌటట, ఆడిన ఎత్తు వెనక్కి తీసుకోనిస్తుందా అని.