ఈ వారం సమస్య: పేరు లేని వాడె పెద్దవాడు
(సారు పద్యం చివరి పాదం ఇస్తారు, ముందు మూడు పాదాలు మనం రాసి పూర్తి చేయాలి. రాసేవాళ్లను వాళ్ల ఊరు, వాడ పేర్లతోనే పిలుస్తున్నాం.)

హన్మకొండ సారు:
మొన్న మనవరాలు ‘ఇగ్నోమినీ’ అంటే ఏంది తాతా అని అడిగింది. అవమానం అని చెప్పి ఊరుకుంటే అయిపోయేది. విప్పి చూస్తే లోపల మన మాటే ఉంది. లాటిన్‌లో ‘ఇన్’ అంటే లేకపోవడం, ‘నోమెన్’ అంటే పేరు. మన ‘నామం’, ఆ ‘నోమెన్’ ఒక తల్లి పిల్లలే. ‘ఇగ్నోమినియా’ ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లిషుకు చేరింది. ‘పేరు పోయింది’ అని మనం అనేదీ ఇదే కదా! అందుకే తలకిందులు చేసి ఇస్తున్నా. ఆటవెలది, చివరి పాదం:

పేరు లేని వాడె పెద్దవాడు

ఖిలా వరంగల్:
వేయి కంబములను వెలయించి నిలిపెను
రాతిపైన పేరు రాసుకొనడు
శిల్పి చేతి జాడ చెరగదు నేటికి
పేరు లేని వాడె పెద్దవాడు

(1163లో గుడి కట్టించిన రుద్రదేవుడు అందరికీ తెలుసు. చెక్కినోళ్ల పేర్లు ఎవరు చెప్తారు?)

హన్మకొండ సారు:
‘నిలిపెను’ దగ్గర వాక్యం ఆగిపోయింది. ‘నిలిపియు’ అనండి, రెండో పాదానికి అతుకుతుంది. శి–చె యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీ) సరే.

పరకాల:
మరి రామప్ప? 1213లో పాలంపేట గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, పిలిచేది మాత్రం శిల్పి పేరుతోనే అంటారు!

ఖిలా వరంగల్:
ఆయనొక్కడు తప్పించుకున్నాడు లెండి.

పరకాల:
నాదీ చూడండి.

నామమూడదీసి నలుగురి ముందర
రోమునందు పరువు రూపుమాపు
ఊడదీయ పేరె ఒకరికి లేకున్న
పేరు లేని వాడె పెద్దవాడు

హన్మకొండ సారు:
‘పేరె ఒకరికి’ విసంధి (పక్కపక్క అచ్చులను కలపకుండా వదిలేయడం), అది చిన్న తప్పు. పెద్దది విషయంలో ఉంది. రోములో ‘ఇగ్నోమినియా’ అంటే పేరు ఊడదీయడం కాదు. అయిదేళ్లకోసారి జనాభా పట్టీ సరిచూసే సెన్సర్ అనే అధికారి, నడత చెడ్డవాడి పేరు పక్కన ఒక గుర్తు పెట్టేవాడు. అంతే! సెనేటర్‌కు సభలో చోటు పోయేది, రౌతుకు సర్కారు గుర్రం పోయేది. తర్వాత వచ్చిన సెన్సర్లు కావాలంటే దాన్ని తీసేయొచ్చు. పేరు ఉన్నందుకే కదా ఈ తంటా. అటు నుంచి రాయండి.

పరకాల:
పేరు పక్క గుర్తు పెట్టిన చాలును
రోమునందు పరువు రూపుమాయు
జాబితాన లేడు జంకేల వానికి
పేరు లేని వాడె పెద్దవాడు

హన్మకొండ సారు:
ఇప్పుడు సమస్య తీరింది. విసంధి కూడా దానంతటదే పోయింది.

ములుగు రోడ్డు:
ఫ్లెక్సి మీద పేరు పెద్దక్షరములాయె
గాలివాన రాగ గంగపాలు
నిచ్చెనెక్కి కట్టెనెవ్వడో కూలోడు
పేరు లేని వాడె పెద్దవాడు

ఖిలా వరంగల్:
‘కూలోడు’ గ్రామ్యం కాదా సార్?

హన్మకొండ సారు:
గ్రామ్యమే. ఉండనీయండి. అక్కడ ‘కార్మికుడు’ను ఎక్కిస్తే గణంతో పాటు నిచ్చెనా విరుగుతుంది.