పాత మిద్దె పలకల నేలకూ కొత్త స్లాబుకూ మధ్య సందు: పలకలు పొడిగించొచ్చా?

ప్రశ్న:
అన్నలూ, మాది వరంగల్ గిర్మాజీపేట. తాతల నాటి మట్టిగోడల ఇల్లు, పైన టేకు దూలాల మీద చెక్క పలకల నేల. దాన్ని ఆనుకుని పోయిన ఏడు స్లాబు ఇల్లు కట్టుకున్నాం. పై అంతస్తులో రెండింటికీ మట్టం సరిపోయింది కానీ, తలుపు దగ్గర 7 ఇంచుల సందు మిగిలింది. మొన్న మా నాలుగేళ్ల పాప కాలు అందులో మోకాలి దాకా దిగింది. తోలు గీరుకుపోయింది అంతే, కానీ నాకు అప్పటి నుంచి ఒకటే టెన్షన్. వడ్లాయన పలకలు అటు దాకా లాగి, రెండు వైపులా బిగిస్తానంటున్నాడు. చేయించమంటారా?

జవాబు:
తమ్మీ, ముందు ఆ తలుపుకు గొళ్లెం పెట్టు. పని అయ్యేదాకా పాపను అటు పోనివ్వకు.

పలకలు పొడిగించొచ్చు. రెండు వైపులా మాత్రం బిగించనివ్వకు. మట్టిగోడ వానకాలం ఒక తీరు, ఎండాకాలం ఒక తీరు ఉంటది. కింద నల్లరేగడి ఉంటే ఇంకా ఎక్కువ కదులుతది. కొత్త ఇల్లు మొదటి ఏళ్లలో కొంత కుంగుతది. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు మన దగ్గర కూడా ఊగింది కదా. రెండు ఇళ్లనూ కలిపి కట్టేస్తే అలాంటి ఊపులో ముందు పగిలేది నీ మట్టిగోడే. 6 ఇంచులు మూసుకో, ఒక ఇంచు వదిలెయ్.

దూలాలు ఎటు పోతున్నాయో చూడు. సందు వైపు పోతుంటే, గడప కింద మట్టి తీయించి ఒక్కో దూలం పక్కన కొత్త టేకు ముక్క జత చేయించు. బయటికి 6 ఇంచులు వస్తే, గోడ దాటి లోపలికి కనీసం రెండడుగులు ఉండాలి. మేకులు వద్దు, వాషర్లు వేసి బోల్టులు. దూలాలు సందు వెంబడి పోతుంటే పలకలే బయటికి రావాలి. అప్పుడు చివర ముక్క అతికిస్తే ఆగదు, రెండు దూలాల మీదైనా కూర్చునే నిండు పలక వేయాలి.

మిగిలిన ఇంచు మీద చెకర్డ్ ప్లేట్ (కాలు జారకుండా పైన గీతలు తేలిన ఇనుప రేకు) పరిచి, స్లాబు వైపు మాత్రమే స్క్రూలు బిగించు. చెక్క మీద అది ఊరికే ఆని జారాలి.

అడిగినవారు:
సందు వైపే పోతున్నాయన్నా. ఒక దూలం కొనలో స్క్రూడ్రైవర్ గుచ్చితే అర ఇంచు దిగింది. తడి పొడి రాలింది, బూజు వాసన.

జవాబు:
అయితే పొడిగించే పని ఆపు. ఆ కొన కుళ్లింది, దానికి ఇంకో ముక్క బరువు తగిలించొద్దు. కింద నుంచి ఇనుప జాకీ ఆనించి, మంచి స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచి చూపించు. గోడలో ఉన్న కొన ఎంతవరకు పోయిందో బయటి నుంచి తెలియదు.

ఇంకొకరు:
ఆ తడి పైనుంచే వస్తున్నట్టుంది. మాకూ ఇట్లనే అయింది. కొత్త గోడలో గాడి కొట్టించి, జీఐ రేకు దూర్చి, పాత కప్పు మీదికి వాలేటట్టు వేయించాం. రేకును పాత వైపు బిగించలేదు. సందులోకి టార్చ్ కూడా కొట్టి చూడండి. మేస్త్రీలు పడేసిన సిమెంటు ముద్దలు, ఇటుక ముక్కలు నీళ్లు పట్టుకుంటాయి, చెదలు పైకెక్కడానికి దారి అవుతాయి. మా సందులోంచి రెండు తట్టలు తీశాం. పైన పలకలు పడ్డాక అక్కడికి చెయ్యి పోదు, ఇప్పుడే తీయించండి.